ఎగ్మోరులో అమరావతి: ఆ రాళ్లను కదపడం ఎందుకంత కష్టం?

క్లుప్తంగా: చెన్నై ఎగ్మోరు ప్రభుత్వ మ్యూజియంలోని అమరావతి బౌద్ధ స్తూపపు శిల్పాలు అక్కడికి చేరేనాటికి, తవ్విన చోటే మ్యూజియం కట్టే పద్ధతి ఇంకా రాలేదు. వాటిని ఎగ్జిబిషన్‌కు పంపాలన్నా, కొత్తగా అమర్చాలన్నా రాష్ట్రాల మధ్య హక్కుల మాట కంటే ముందు ఎదురయ్యేది, 19వ శతాబ్దంలో పలకల్ని గోడలోకి అతికించిన గార. ఆ తర్వాతే తేమ, బరువు, బీమా, అనుమతులు.

గుంటూరు నుంచో బెజవాడ నుంచో చుట్టాలొస్తే, మెరీనా చూపించి టి.నగర్ షాపింగ్ అయ్యాక చెన్నై తెలుగువాళ్లు తీసుకెళ్లే చోట్లలో ఎగ్మోరు మ్యూజియం ఒకటి. (శుక్రవారం సెలవు. ఆ సంగతి చాలామందికి గేటు దగ్గరే తెలుస్తుంది.) పాత మద్రాసు వాడుకలో దీని పేరు ‘చచ్చిన కాలేజీ’. 1851లో మ్యూజియం మొదలైంది సెయింట్ జార్జి కోట కాలేజీ భవనంలో కాబట్టి కాలేజీ అనే మాట దాన్ని వదల్లేదు. 1854లో ఎగ్మోరులోని పాంథియన్ ఆవరణకు మారింది. గడ్డి కూరిన జంతువులున్నది చచ్చిన కాలేజీ అయితే, మ్యూజియం తొలి అధికారి ఎడ్వర్డ్ బాల్ఫోర్ ఆ ఆవరణలోనే మొదలుపెట్టిన జంతు ప్రదర్శనశాల బతికిన కాలేజీ అయింది.

అమరావతి గ్యాలరీ దగ్గరికి వచ్చేసరికి తెలుగు కుటుంబాల్లో దాదాపు ఎప్పుడూ రెండు ప్రశ్నలు పుడతాయి. మన ఊరి రాళ్లు ఇక్కడెందుకున్నాయి? పోనీ, ఎగ్జిబిషన్ పేరుతో కొన్నాళ్లయినా అమరావతికి పంపొచ్చు కదా? 2023 జూలై నుంచి నవంబరు దాకా న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి భారతీయ బౌద్ధ శిల్పాల ప్రదర్శన జరిగింది. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో దొరికిన తోరణ శిల్పాలు అక్కడికి వెళ్లాయి. ఆ ప్రదర్శన తర్వాత సియోల్‌కి కూడా వెళ్లింది. దాంతో రెండో ప్రశ్నకు పదును పెరిగింది. సముద్రాలు దాటించగలిగినప్పుడు కృష్ణ దాకా తీసుకెళ్లలేరా అన్నది న్యాయంగా వినిపించే మాటే. అయితే ఫణిగిరి రాయికీ ఎగ్మోరులోని అమరావతి రాయికీ ఒక పెద్ద తేడా ఉంది. అది తెలియాలంటే ముందు ఆ రాళ్లు ఎలా వచ్చాయో చూడాలి.

దీపాలదిన్నె నుంచి మద్రాసుకు

అమరావతి మహాస్తూపం మీద మొదట చెయ్యి వేసింది పురావస్తు శాఖ కాదు, ఇళ్లు కట్టుకునేవాళ్లు. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని చింతపల్లి నుంచి అమరావతికి మార్చి కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు, జనం దీపాలదిన్నె అని పిలిచే మట్టిదిబ్బలో పెద్ద పెద్ద ఇటుకలు, చెక్కిన రాళ్లు బయటపడ్డాయి. కొన్ని కట్టడాల్లోకి, చెరువు మెట్లలోకి వెళ్లాయి. కొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. పుస్తకాల్లో ‘అమరావతి పాలరాయి’ అని రాస్తుంటారు గానీ అది పలనాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ జీర ఉన్న బూడిద రంగుది. కాలిస్తే సున్నమే అవుతుంది. నున్నగా, మెత్తగా ఉండి శిల్పికి ఎంత అనువైనదో, బట్టీవాడికీ అంతే అనువైనది.

ఈ సంగతి విని ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1797 ప్రాంతంలో అక్కడికి వచ్చారు. 1816లో మళ్లీ వచ్చి, తన మనుషుల చేత శిల్పాలకు కొలతలతో సహా బొమ్మలు గీయించారు. ఆ బొమ్మల పుస్తకం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఏలూరు కావలి సోదరుల వంటి తెలుగు సహాయకులు ఆయనకు సేకరించి పెట్టిన కైఫీయతుల్లో (ఊళ్ల చరిత్రల రాతల్లో) చాలా భాగం మాత్రం చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరింది. అంటే అమరావతికి సంబంధించి బొమ్మలు ఒక దేశంలో, రాతలు ఇంకో చోట, రాళ్లు మరికొన్ని చోట్ల. ఈ చెదరడం మొదటినుంచీ ఉంది.

1845లో గుంటూరులో కమిషనరుగా ఉన్న వాల్టర్ ఎలియట్ తవ్వించి పెద్ద సంఖ్యలో పలకల్ని మద్రాసుకు పంపారు. మద్రాసులో అవి ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1859లో వాటిలో చాలా భాగాన్ని లండన్‌కి ఓడెక్కించారు. బ్రిటిష్ మ్యూజియంలో ఇవాళ కనిపించేవి ముఖ్యంగా అవే. 1877లో రాబర్ట్ సీవెల్ మళ్లీ తవ్వారు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ మిగిలిన దిబ్బనంతా తొలగించమని హుకుం ఇచ్చారు. ఆ మరుసటి ఏడాది పురావస్తు నిపుణుడు జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి అక్కడ స్తూపం లేదు, పెద్ద గొయ్యి ఉంది. ఎగ్మోరుకు చేరిన పలకల్లో ఎక్కువ భాగం ఈ చివరి విడతల్లో తవ్వినవి.

ఆ హడావుడి తవ్వకాల్లో పోయింది రాళ్లొక్కటే కాదు. ఏ పలక స్తూపానికి ఏ దిక్కున, ఎంత ఎత్తులో, దేని పక్కన ఉండేదన్న లెక్క పోయింది. స్తూపం అడ్డుకొలత సుమారు 50 మీటర్లు. దాని చుట్టూ రాతి కంచె, దానిలో నిలువు స్తంభాలు, వాటిని కలిపే అడ్డదూలాలు, పైన దిమ్మె వరస. లోపల స్తూపానికి తాపడం చేసిన పలకలు. భక్తుడు ప్రదక్షిణం చేస్తూ వరసగా చూడాల్సిన కథలివి. వరస తెలియనప్పుడు మ్యూజియం చేయగలిగేది పోలికల్ని బట్టి, కాలాన్ని బట్టి సర్దుకోవడమే. గ్యాలరీలో కథ తెగిపోయినట్టు అనిపిస్తే అది చూసేవారి లోపం కాదు.

ఇక మద్రాసే ఎందుకన్న ప్రశ్నకు జవాబు చిన్నది. గుంటూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం, ఎగ్మోరు మ్యూజియం ప్రెసిడెన్సీ అంతటికీ కేంద్ర మ్యూజియం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాష్ట్రం విడిపోయింది, మ్యూజియం ఉన్నచోటే ఉండిపోయింది.

తవ్విన వస్తువుల్ని తవ్విన చోటికి దగ్గర్లోనే ఉంచాలన్న పద్ధతి బలపడింది 1902లో జాన్ మార్షల్ పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్ అయ్యాక. సారనాథ్ మ్యూజియం 1910 నాటిది. నాగార్జునకొండ తవ్వకాలు మొదలైంది 1920ల్లో కాబట్టి అక్కడి శిల్పాల్లో ఎక్కువ భాగం అక్కడే నిలిచాయి. తర్వాత నాగార్జునసాగర్ జలాశయం వచ్చి లోయంతా మునిగినా, వాటిని కొండమీదికి, అంటే ఇప్పటి దీవి మీదికి చేర్చి 1966లో మ్యూజియం తెరిచారు. అమరావతిని పాతికేళ్లు ఆలస్యంగా తవ్వి ఉంటే దాని కథా బహుశా ఇలాగే ఉండేది.

గోడలోకి వెళ్లిన పలక

ఫణిగిరి రాయికీ ఎగ్మోరు రాయికీ తేడా ఇక్కడుంది. ఎగ్మోరుకు వచ్చిన పలకల్లో చాలావాటిని 19వ శతాబ్దం చివర్లో గ్యాలరీ గోడల్లోకి గారతో అతికించారు. అప్పటి ఆలోచన ప్రకారం అది భద్రత: రాయి పడిపోదు, ఎవరూ ఎత్తుకుపోలేరు, విరిగిన ముక్కలు పక్కపక్కన నిలుస్తాయి, మధ్యలో ఖాళీల్ని ప్లాస్టరుతో నింపితే కంటికి నిండుగా ఉంటుంది. ఆ రోజుల్లో యూరప్ మ్యూజియాల్లోనూ ఇలా చేసేవారు. కాబట్టి ఇప్పటి కళ్లతో చూసి దాన్ని మొరటు పని అనడం తేలికే గానీ, అంత న్యాయం కాదు.

దీనివల్ల వచ్చిన నష్టాలు రెండు. మొదటిది చూపుకు సంబంధించింది. కంచె స్తంభాలకు రెండు ముఖాలూ చెక్కి ఉంటాయి. బయటి నుంచి వచ్చేవారికి ఒకటి, లోపల ప్రదక్షిణం చేసేవారికి ఒకటి. సాధారణంగా బయటి ముఖం మీద పెద్ద పెద్ద పద్మాలు, లోపలి ముఖం మీద కథలు. గోడకు అతికిస్తే ఒక ముఖం శాశ్వతంగా లోపలికి పోతుంది. ఎగ్మోరులో అందరూ ఆగి చూసే గుండ్రటి శిల్పం, బుద్ధుడి మీదికి వదిలిన మదపుటేనుగు నాళాగిరిది. ఒకే వృత్తంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఓ పక్క తొండంతో మనిషిని చుట్టి వీధిలో బీభత్సం చేస్తుంటుంది, ఇంకో పక్క బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. పై అంతస్తు కిటికీల్లోంచి జనం తొంగిచూస్తుంటారు. భయపడిన ఆడమనిషి పక్కవాళ్లను పట్టుకుంటుంది. సినిమావాళ్లు రెండు షాట్లలో చెప్పేది శిల్పి ఒక చట్రంలో చెప్పేశాడు. ఇంత పనితనం ముందువైపున ఉంటే, ఇలాంటి రాళ్ల వెనకవైపు ఏముందన్న ప్రశ్న సహజం. బ్రిటిష్ మ్యూజియంలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఒక పలకకు ఒకవైపు క్రీస్తుపూర్వం నాటి బోధివృక్ష పూజ, దాన్నే కొన్ని వందల ఏళ్ల తర్వాత తిప్పి రెండోవైపు చెక్కిన స్తూపం. ఆ పలకను గోడకు అతికించి ఉంటే స్తూపానికి జరిగిన మార్పుల గురించి ఒక ముఖ్యమైన ఆధారం కనిపించేదే కాదు.

రెండో నష్టం ఉప్పు. సముద్రానికి దగ్గరగా ఇల్లున్న చెన్నైవాసులకు దీన్ని పెద్దగా వివరించక్కర్లేదు. గోడ కింది భాగంలో సున్నం పొంగి, పొరలు పొరలుగా రాలడం ప్రతి వీధిలో కనిపించేదే. నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కుతుంది. గారలో, ఇటుకల్లో ఉన్న లవణాలు ఆ చెమ్మలో కరుగుతాయి. చెమ్మ ఎక్కడ ఆరితే అక్కడ లవణం గడ్డకట్టి స్ఫటికం అవుతుంది. స్ఫటికానికి చోటు కావాలి కాబట్టి అది పెరుగుతూ చుట్టూ ఉన్న పదార్థాన్ని నెడుతుంది. సున్నం వేసిన గోడలో అయితే పెచ్చు రాలుతుంది, మళ్లీ వేసుకోవచ్చు. గోడలో అతికిన శిల్పానికైతే చెమ్మ బయటికి వెళ్లే దారుల్లో దాని చెక్కిన ముఖమూ ఒకటి. అక్కడ రాలే పెచ్చు ఒక కన్నో, వేలో, బ్రాహ్మి అక్షరమో కావచ్చు. తడి, పొడి మార్చి మార్చి వస్తే నష్టం ఎక్కువ. ఈశాన్య రుతుపవనం, ఆ తర్వాత ఎండాకాలం ఉన్న ఊళ్లో ఈ చక్రం ఏటా తిరుగుతుంది.

గోడ నుంచి తీయడానికీ ఒక పద్ధతి ఉంది, అది నెమ్మదైనది. ముందు ప్రతి పగులునూ ఫొటో తీసి నమోదు చేయాలి. వదులుగా ఉన్న పొరల్ని నిలబెట్టాలి. తర్వాత గారను రాతివైపు నుంచి కాకుండా గోడవైపు నుంచి కొద్దికొద్దిగా కోయాలి. బయటికి వచ్చిన రాతికి డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టిన కాగితపు గుజ్జును పట్టిస్తారు. ఆరేటప్పుడు ఉప్పు గుజ్జులోకి వస్తుంది. అది తీసేసి మళ్లీ పట్టిస్తారు, ఉప్పు రావడం తగ్గేదాకా. ఆఖర్న గోడకు తగలకుండా స్టెయిన్‌లెస్ స్టీలు ఊతల మీద నిలబెడతారు. ఒక్క పలకకే వారాలు పట్టే పని.

గాలి, వెలుతురు

రాతికి వెలుతురుతో పెద్ద బాధ లేదు. కాగితం, బట్ట మీద పనులకు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత), తైలవర్ణ చిత్రాలకు 200 లక్స్‌కు మించకూడదన్నది మ్యూజియాల్లో సాధారణ లెక్క. అందుకే కాగితం మీది చిత్రాల ప్రదర్శనలు కొన్ని నెలలకే ముగుస్తాయి. అదే ఆవరణలోని నేషనల్ ఆర్ట్ గ్యాలరీ కథ వేరు. హెన్రీ ఇర్విన్ గీసిన ఆ ఎర్రటి భవనం 1909లో విక్టోరియా మెమోరియల్ హాలుగా తెరుచుకుంది. రవివర్మ చిత్రాలు అక్కడివే. కట్టడం బలహీనపడి అది ఏళ్ల తరబడి మూతపడింది. వస్తువులకు ఏ లోపం లేకపోయినా భవనం బాగాలేకపోతే ప్రదర్శన ఆగిపోతుందని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

తేమతో ఎక్కువ పేచీ కంచు విగ్రహాలకు. లోహంలో చేరిన క్లోరైడ్లు తేమ తగిలితే ఆకుపచ్చ పొడిగా మారి విగ్రహాన్ని తినేస్తాయి. ఈ జబ్బుకు మందు కనుక్కోవడానికే ఎగ్మోరులో 1930లో రసాయన పరిరక్షణ శాల పెట్టారు. దేశంలో ఈ రంగంలో తొలినాటి ప్రయోగశాలల్లో అదొకటి. తిరువాలంగాడు నటరాజ విగ్రహం ఇవాళ అంత బాగా నిలవడం వెనక ఇలాంటి పని ఉంది. కంచు గ్యాలరీకీ అమరావతి గ్యాలరీకీ మధ్య సందర్శకుడికి తోచే తేడాకు ఇదొక కారణం: విగ్రహాన్ని ఎత్తి ప్రయోగశాలకు తీసుకెళ్లొచ్చు. గోడను తీసుకెళ్లలేరు.

లండన్, చందవరం

లండన్‌లో ఈ శిల్పాల్ని గొప్పగా చూసుకున్నారన్న మాట తరచు వినిపిస్తుంది. అది సగం నిజం. 1860ల్లో కట్టడాల చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గుసన్ వాటి కోసం వెతికినప్పుడు అవి ఫైఫ్ హౌస్ అనే భవనం తాలూకు గుర్రపుబండ్ల కొట్టంలో ఉన్నాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లాయి. అక్కడ కూడా కొన్ని దశాబ్దాలు నిల్వగదుల్లో గడిపి, 1992లోగానీ గాలిలో తేమను అదుపు చేసే గాజు గదిలోకి చేరలేదు. అంటే తేమ సమస్య వాళ్లకూ వచ్చింది. డబ్బు దొరికాక ప్రత్యేక గదితో దాన్ని పరిష్కరించుకున్నారు. అక్కడివి తిరిగి రావడం మరింత కష్టం. 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం ప్రకారం కొన్ని చిన్న మినహాయింపులు తప్ప సంస్థ తన వస్తువుల్ని వదులుకోవడానికి వీల్లేదు. 1970 నాటి యునెస్కో ఒప్పందం వెనకటి తేదీలకు వర్తించదు.

తవ్విన చోటే ఉంచితే సమస్యలన్నీ తీరిపోతాయనడానికీ లేదు. ప్రకాశం జిల్లా చందవరం స్తూపానికి చెందిన ఒక సున్నపురాతి పలక, బుద్ధుడి ఆరాధకులున్నది, దొంగల చేతిలో పడి దేశం దాటి ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాకా వెళ్లింది. 2016లో తిరిగిచ్చారు. ఊరికి దూరంగా, కాపలా పలచగా ఉండే చిన్న మ్యూజియాల పరిస్థితికి ఇది గుర్తు. ఎగ్మోరు గార ఎంత నష్టం చేసినా దొంగతనాన్ని మాత్రం ఆపిందని ఒప్పుకోవాలి.

అరువంటే ఏమేం కావాలి

ఒక మ్యూజియం ఇంకో మ్యూజియాన్ని శిల్పం అరువడిగితే ముందు తన భవనం గురించి నివేదిక పంపాలి: తలుపుల వెడల్పు, నేల మోయగల బరువు, కాపలా, అగ్నిమాపక ఏర్పాట్లు, ఏడాది పొడవునా తేమ లెక్కలు. ఇచ్చే సంస్థ రాతి స్థితిగతుల పత్రం తయారు చేస్తుంది. చేతులు మారిన ప్రతిసారీ దాన్ని సరిచూసి సంతకాలు పెడతారు. రాతితో పాటు ఇచ్చిన సంస్థ మనిషి ప్రయాణిస్తారు. బీమా, ఉన్నచోటి నుంచి తీసిన క్షణం మొదలు మళ్లీ అక్కడే పెట్టేదాకా ఉండాలి. అమ్మకానికి వీల్లేని వస్తువుకు ధర కట్టడమన్నది అక్కడ మొదటి తలనొప్పి.

బరువును ఊహించుకోవడానికి చిన్న లెక్క. ఒకటిన్నర మీటర్ల ఎత్తు, మీటరు వెడల్పు, 20 సెంటీమీటర్ల మందం ఉన్న పలక తీసుకుంటే అది 0.3 ఘనపు మీటరు. సున్నపురాయి ఘనపు మీటరుకు రెండున్నర టన్నులు తూగుతుంది కాబట్టి పలక ముప్పావు టన్ను. అందులోనూ లోపల ఉప్పు పట్టిన రాయి. హైవే మీద లారీ కుదుపుకు ఎక్కడ విచ్చుకుంటుందో ముందు చెప్పడం కష్టం.

కాగితాల సంగతికి వస్తే, విదేశీ ప్రదర్శనకు కేంద్రం అనుమతి తప్పనిసరి. 1972 నాటి పురావస్తువుల చట్టం వందేళ్లు దాటిన వస్తువుల్ని కేంద్ర ప్రభుత్వమో, అది అధికారమిచ్చిన సంస్థో తప్ప ఎవరూ దేశం దాటించకుండా చేసింది. దేశం లోపల ఆ అడ్డు లేదు. చెన్నై, అమరావతి మధ్య అయితే రెండు రాష్ట్ర ప్రభుత్వాలు కూర్చుని రాసుకునే ఒప్పందం చాలు. కాగితం మీద ఇది న్యూయార్క్ కంటే సులువు. కానీ సాధారణంగా ఖర్చు భరించేది అడిగినవాళ్లు. పెద్ద విదేశీ మ్యూజియానికి దాతలు, పెట్టెలు చేసేవాళ్లు, నిపుణులు సిద్ధంగా ఉంటారు. రాష్ట్ర మ్యూజియాల బడ్జెట్‌లో జీతాలు, కరెంటు బిల్లులు పోను ఇలాంటి పద్దు కనిపించడం అరుదు. దూరం తక్కువైనా ప్రయాణం బరువు కావడానికి కారణం ఇదే.

ఇకముందు జరగగలిగేవి

పలకల్ని గోడ నుంచి తీసే పని ఎక్కడ జరిగినా మొదట కనిపించేది ‘పనులు జరుగుతున్నవి’ అనే బోర్డు, మూసిన తలుపు. నెలలు దాటి ఏళ్లయితే జనం దాన్ని నిర్లక్ష్యం కింద జమకడతారు. కొన్నిసార్లు అది నిర్లక్ష్యమే కూడా. రెంటికీ తేడా తెలియాలంటే ఏం పని, ఎంతవరకు వచ్చిందన్నది తలుపు మీద రాసి పెట్టడం చాలు. దీనికి బడ్జెట్ అక్కర్లేదు.

గోడ నుంచి విడిపించి, ఉప్పు తీసి, స్టీలు ఊతల మీద నిలబెట్టిన పలకల్ని మాత్రమే అరువివ్వడం సాధ్యమవుతుంది. కాబట్టి అమరావతికి తాత్కాలిక ప్రదర్శన అనే మాట ఎగ్మోరులో పరిరక్షణ పనితోనే మొదలవ్వాలి. అది జరిగేలోపు అమరావతిలోని పురావస్తు మ్యూజియంలో అసలు శిల్పాల పక్కన నకళ్లు పెట్టడం దగ్గరి దారి. నకలు అనగానే మొహం చిట్లించేవారున్నారు. స్తూపంలో ఏది ఎక్కడుండేదో చూపించాలంటే మాత్రం నాలుగైదు ఊళ్లలో, రెండు మూడు దేశాల్లో చెదిరిన ముక్కల్ని ఒకచోట చూపగలిగేది నకలే. మెకంజీ బొమ్మల్లో ఉండి ఇప్పుడు రాయి దొరకని పలకల్ని కూడా అందులో కలపొచ్చు.

గ్యాలరీలో లేబుళ్లు తమిళంలో, ఇంగ్లిషులో ఉంటాయి. చెన్నైలో ఇన్ని లక్షల మంది తెలుగు చదవగలిగేవాళ్లుండగా మూడో భాషలో ఒక కరపత్రం కష్టమైన కోరికేమీ కాదు. పలకను కదపనక్కర్లేదు, అనుమతీ అక్కర్లేదు. రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కంటే ముందు తేలగలిగింది బహుశా ఇదే.

ఈలోగా గ్యాలరీకి వెళ్లేవారు శిల్పంతో పాటు దాని అంచుల్నీ చూడొచ్చు. రాయి ఆగి ప్లాస్టరు మొదలయ్యే చోట రంగు మారుతుంది, చెక్కడం మొద్దుబారుతుంది. నిలువు స్తంభం పక్క అంచుల్లో కంటి ఆకారంలో గుంటలు కనిపిస్తే, అవి అడ్డదూలాలు దిగే బెజ్జాలు. ఆ దూలం ఎటు పొడుచుకు వచ్చేదో ఊహిస్తే, ఆ స్తంభం గోడకు ఆనుకుని ఉండాల్సింది కాదని, చుట్టూ మనుషులు తిరిగే చోట నిలబడిందని తెలుస్తుంది.